చట్టం సార్ తిన్న పళ్లెం

ఆ రోజుల్లో నేను నేర్చుకున్నదానికంటే నలుగురికీ నేర్పించిందే ఎక్కువ. కర్నూలులో వేరుశనగ పరీక్షలు చేసే ల్యాబులో చేరి నిండా మూడు నెలలు కాలేదు, అప్పుడే పెళ్లి పందిళ్లలో కూడా అఫ్లటాక్సిన్ గురించి ఉపన్యాసాలు మొదలుపెట్టాను. (వేరుశనగ ఉండ తినబోతున్న మా పెదనాయన చేతిని గాల్లోనే ఆపేశాను. ఆయన నాతో ఏడాది మాట్లాడలేదు.) సరిగా ఎండని కాయకు పట్టే ఒక బూజు తయారుచేసే విషం అది, కాలేయానికి చేటు. ఆ విషమే శుద్ధంగా మా ల్యాబుకు చిన్న సీసాలో వచ్చేది. దాన్ని పక్కన పెట్టి పోల్చితేనే కాయల్లో ఎంతుందో తెలిసేది. ఆ సీసా ఉండే బీరువా తాళంచెవి నా దగ్గరుండేదని నాకు ఎంత గర్వమో!

పత్తికొండ దగ్గర పల్లెలో ఉండే మా అవ్వకు కూడా అదే పాఠం చెప్పబోయాను. ఆమె చాటలో బుడ్డలు ఏరుతోంది (వేరుశనగను మేం బుడ్డలంటాం). చేతులు ఆపకుండా అంతా విని, "నా బుడ్డల్లో విషం ఉండాదా? మీయమ్మా నువ్వూ ఇయ్యే తిని పెరిగితిరి గదమే!" అంటూ ఒక సంచి నింపి నా ఒళ్లో పడేసింది. "తీసకపోయి నీ మిషన్లో ఏసి సూడు. విషమని తేలితే ఇంగ నేను ఎవురికీ ఒక్క బుడ్డ పెట్టను." ఆమె కళ్లలో నీళ్లు తిరగడం చూసి కూడా నేను ఉపన్యాసం పూర్తిచేసే లేచాను.

అప్పటికి బజారు నుంచి తెచ్చిన ప్రతి నమూనాలోనూ అంతో ఇంతో విషం కనిపిస్తూ, పోల్చి చూడ్డానికి విషం లేని కాయ దొరక్క మా పని ఆగిపోయి ఉంది. అందుకని అవ్వ బుడ్డలు ఒలిచి, ఆ గింజలను రెండు పళ్లేల్లో పోశాను. ఒకదాన్ని ఉన్నదున్నట్టు ఉంచి, మా పరీక్ష విషాన్ని పట్టుకుంటుందో లేదో చూడ్డానికి రెండోదాని మీద సీసాలోని విషాన్ని కొలిచి చుక్కలు వేసి ఆరబెట్టాను. ఏది ఏదో పేర్లు రాసి అంటించాను కూడా. ఎక్కడనుకున్నారు? మూతల మీద.

తూకం వెయ్యడానికి రెండు మూతలూ తీసి బల్లమీద పెట్టానో లేదో, మా పై అధికారి వచ్చాడు. కడప మనిషి. మేం చాటుగా చట్టం సార్ అనేవాళ్లం. గోడమీద 'ఇక్కడ ఏదీ తినరాదు' అని ఎర్ర అక్షరాలతో రాయించింది ఆయనే. "ఎన్నిసార్లు చెప్పల్లమ్మా? బల్ల మీద ఒక పద్ధతి ఉండొద్దా?" అని నన్ను తిడుతూ తిడుతూ, ఎదురుగా ఉన్న పళ్లెంలోంచి నాలుగు గింజలు తీసి నోట్లో వేసుకున్నాడు. మా సీమలో ఎదురుగా వేరుశనగ గింజలుంటే చెయ్యి మనిషి మాట వినదు. నేను నోరు తెరిచేలోపు రెండో గుప్పెడు కూడా వెళ్లింది.

"సార్, అవి నమూనాలు!"

నమలడం ఆగింది. "ఏ పళ్లెం ఇది?"

"తెలీదు సార్. పేర్లు మూతల మీదుండాయి."

ఇద్దరం మూతల వంక చూశాం. రెండూ బల్లమీద ఏమీ ఎరగనట్టు పడి ఉన్నాయి. సార్ నోరు కడుక్కొచ్చి కూర్చున్నాడు. "ఒక్కసారి ఈ నాలుగు గింజలకు ఏం గాదులేమ్మా, భయపడాకు" అని నాకు ధైర్యం చెప్పి, వెంటనే ఇంటికి ఫోన్ చేసి, పొద్దున ఉప్మాలో ఉప్పు సరిపోయిందని భార్యతో అన్నాడు. (ఆమె కంగారుపడి రెండుసార్లు తిరిగి ఫోన్ చేసింది.)

వెంటనే రెండు పళ్లేలకూ పరీక్ష చేశాను. గింజల సారాన్ని గాజుపలక మీద చుక్కగా పెట్టి, చీకటి పెట్టెలో ప్రత్యేకమైన దీపం కింద చూస్తే విషమున్నచోట నీలంగా మెరుస్తుంది. సార్ తిన్న పళ్లెం మెరవకపోతే సార్‌కు క్షేమం, అవ్వకు మర్యాద. మెరిస్తే నా ఉద్యోగం సంగతి ఎవరూ అడగక్కర్లేదు. ఇద్దరం తలలు ఆనించి చూశాం. ఆయన ముట్టని పళ్లెం వరుసలో నీలం చుక్క వెలుగుతోంది. తిన్న పళ్లెం వరుసలో ఏమీ లేదు!

సార్ పెద్దగా ఊపిరి వదిలి, మరుక్షణమే మళ్లీ చట్టం సార్ అయిపోయి "ఇంకోసారి చెయ్యి" అన్నాడు. మూడుసార్లు చేసినా ఏమీ లేదు. "ఇంత శుభ్రమైన కాయ ఈ ల్యాబులో నేను సూడలేదు. ఎవురివమ్మా ఇవి?"

"మా అవ్వవి సార్." తర్వాత ఎన్నో సభల్లో మాట్లాడాను గానీ, అంత గర్వంగా మూడు మాటలు ఎక్కడా పలకలేదు.

మరుసటి వారం ఆయన నోటుపుస్తకం పట్టుకుని మా పల్లెకు వచ్చాడు. అవ్వ ఒక కాయ తీసి ఆయన చెవి దగ్గర ఊపింది. "గలగలమనల్ల నాయనా. అనకుంటే ఇంగా ఎండల్ల. అందాక కుప్ప ఏసేది లేదు." ఆయన బుద్ధిగా ఒక్కో కాయా ఊపుతూ రాసుకున్నాడు. అవ్వ పళ్లెం నిండా బుడ్డలు పెట్టి తినమంటే, నా వైపు తిరిగి, "దీనికి మూత ఉండాదామ్మా?" అన్నాడు.

సార్ రిటైరయ్యాడు. అవ్వ లేదు. ఆ ఎర్ర అక్షరాల కింద ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. విషం లేని నమూనాకు ఆనాడు సార్ రిజిస్టరులో రాసిన పేరు 'అవ్వ'. ఈనాటికీ మా ల్యాబులో అదే పేరు. కొత్తగా చేరిన పిల్లలు అదేదో వేరుశనగ రకం అనుకుని అడుగుతుంటారు. "అవును, శానా మంచి రకం" అంటాను. ఆ తర్వాత వంగి, ఆ పేరు పళ్లెం మీదే రాశారా లేదా అని చూసుకుని, నాలో నేనే నవ్వుకుంటాను.