ఫైర్‌వాల్‌ల నా పేరు ఆఖరికి

మూడు కంప్యూటర్లతోని ఒక లగ్గాన్ని ఎట్ల పరేషాన్ చెయ్యాల్నో ఎవ్వలకన్న తెల్వకుంటే నన్ను అడుగుండ్రి. యాదికొస్తే ఇప్పటికీ నా మీద నాకే మండుతది.

తొంభైల ఆఖర్ల జమ్మికుంటల పెండ్లి పత్రికల ప్రెస్సుల కంపోజింగు చేస్తుంటి. ప్రెస్సు ఓనరు మా పటేలు ఇంటర్నెట్ పెట్టిచ్చిండు. మర్నాడే ఆయనకు భయం పట్టుకుంది.

"లోకమంత మన ఫైళ్లల్ల దూరుతదట గదరా! గా ఫైర్‌వాలేదో పెట్టు."

"ఫికర్ చెయ్యకు పటేలా. మన మూడు కంప్యూటర్లకు తప్ప తలుపే తియ్యది."

మూడంటే పటేలుది, అచ్చు మిషనుది, నాది. నేను కార్డు తయారుచేసి పటేలు కంప్యూటర్ల పెడ్త, అచ్చు మిషను అండ్లకెల్లి తీస్కుంటది. కరీంనగర్ల ఇరవై దినాల కోర్సు చేసిన మొనగాన్ని గద, పటేలు కంప్యూటర్ల కూసొని ఎవ్వలను రానియ్యాల్నో జాబితా రాసిన. వైరస్ వస్తదని ఫ్లాపీ డ్రైవులు గూడ పీకిచ్చిన. పటేలు తన కంప్యూటరున్న అర్రకు తాళం పెట్టి, తాళంచెవి మొలతాడుకు కట్టుకొని చుట్టాలింటికి పోయిండు.

గప్పుడే దిగిండు పెండ్లికొడుకు శంకర్. దుబాయ్‌కెల్లి పదిహేను దినాల సెలవు మీద వచ్చిండు, ఐదు దినాలల్ల లగ్గం.

"అన్నా, నాలుగింటి బస్సుకు వేములవాడ పోవాలె. మొదటి కార్డు రాజన్న దేవుని కాడ పెట్టందే మా అవ్వ ఒక్కటి గూడ పంచనిస్తలేదు."

"ఐదు నిమిషాలు తమ్మీ."

కార్డు పెడ్దామంటే పటేలు కంప్యూటర్ల ఫోల్డర్ తెరుచుకోలే. కంప్యూటర్ బంద్ చేసి మళ్ల పెట్టిన. వైరు పీకి ఊదిన. తెరుచుకోలే.

"అయినయా అన్నా నీ ఐదు నిమిషాలు?"

"జర ఆగరాదు!"

బస్సు పోనే పోయింది. పిలగాని మొఖం చూస్తే నాకే ఏడుపొచ్చింది.

పొద్దుగూకే యాళ్లకు పటేలు వచ్చి, తాళం తీసి జాబితా చూసిండు. పైన ఆయన, ఆయన కింద అచ్చు మిషను, దాని కింద 'మిగిలినోళ్లంత బంద్', అందరికన్న కింద నేను.

"గిదేందిరా?"

"మన పత్రికల పద్ధతే పటేలా. పెద్దోళ్లు ముందు, మనం ఆఖరికి."

"'అందరు బంద్' అని రాసినంక, పైకెల్లి చదువుకుంట వచ్చే గా ఫైర్‌వాల్ నీ దాక వస్తదారా?"

నా పేరు ఒక్క వరుస పైకి జరపంగనే కార్డులు గడగడ అచ్చయినయ్. బస్సు లేదాయె. పటేలు స్కూటర్ మీద శంకర్‌ను వేములవాడకు నేనే తోల్కపోయిన. వచ్చేటాల్లకు నడుములు పడిపోయినయ్.

లగ్గం నాడు భోజనాల బంతిల పెద్దోళ్లు కూసోనీ అని మర్యాదకు ఎనుక నిలవడ్డ. శంకర్ దూరంకెల్లే ఒర్రిండు:

"గా అన్నను ముందుగాల కూసోవెట్టుండ్రి! ఆఖరికి పెడితే తలుపు ఆయనే మూసుకొని బయటనే నిలవడ్తడు!"

బంతంత నవ్వుడే నవ్వుడు. నా ముందట ఏసిన ఇస్తారాకు మీద చెయ్యి పెట్టి ఒట్టు వెట్టుకున్న. పత్రికల నా పేరు అసలే లేకున్న సరే, ఫైర్‌వాల్‌ల మాత్రం పటేలుకన్న ముందు నేనే.