మేకలు తినని మొలకలు

గుడియాత్తం బజారులో ఎస్‌టీడీ బూత్‌లు కొత్తగా లేస్తున్న రోజులు. నేను రోజూ బస్సెక్కి వేలూరు పోయి జంతుశాస్త్రం చదివేదాన్ని. ఇంట్లో ఆ చదువుకు విలువ సున్నా.

ఆ ఏడు వేరుశనగ మొలిచిందో లేదో, తెల్లవారేసరికి వరుసలకు వరుసలు తెగి పడుతున్నాయి. మా నాయన పక్క చేని అత్త మేకల మీద పడ్డాడు. భర్త పోయిన మనిషి, ఆ మేకలే ఆమె కూడు. గట్టు మీదున్న పాలమేకను పారకర్రతో కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. అత్త రాయి విసిరింది. నాయన నుదురు చీలి రక్తం కంట్లోకి దిగింది.

"రేపు పొద్దుటికి నీ మందలో ఒక్కటి నిలబడితే చూడు!" అని అరిచాడు.

"ముందు నన్ను నరుకన్నా, తర్వాత వాటిని నరుకు!" అంది అత్త.

నుదుటికి కట్టు కడుతూనే నేను వాదన మొదలుపెట్టాను. "మేకైతే మొలకను తింటాది నాయనా. ఇది మొదలుకాడ కొరికి పడేసి పోయినాది. గిట్ట గుర్తు ఒకటన్నా యాడుండాది?"

"కాలేజీకి పంపింది నా మీదికి ఎగిరేదానికా?"

చేలో మోకాళ్ల మీద వెతికాను. ఎర్రమట్టి, గులకరాళ్లు. ఒక గులకరాయిని వేలితో తాకితే ఎగిరింది. చూస్తున్న చోటే వాలి, చూస్తుండగానే మట్టిలో కలిసిపోయింది. గోరంత ఒళ్లు, గరుకు వీపు. అలాంటివి నాలుగైదు పచ్చడి సీసాలో పట్టి, వేలూరులో మా మేడమ్ బల్ల మీద పెట్టాను.

"మిడతే. మనం ఆకుపచ్చవాటిని వెతుకుతాం, ఇది నేల రంగులో నేల మీదే బతుకుతుంది. లేత మొలకలంటే ప్రాణం" అందామె.

ఇంటికొచ్చేసరికి కాలు విరిగిన మేకను కోసేశారు. మేడమ్ మాట చెబితే నాయన వింటాడా? సీసాలో తడిమట్టి పోసి నాలుగు మొలకలు నాటి, మిడతల్ని వదిలి గుడ్డ కట్టాను.

పొద్దున నాయన కొడవలి తీశాడు. గడపకు అడ్డం నిలబడ్డాను. తోశాడు. భుజం తలుపుకు కొట్టుకుంది. సీసా మాత్రం వదల్లేదు.

"చూడు! ఈ సీసాలోకి ఏ మేక దూరినాది?"

మూడు మొలకలు పడి ఉన్నాయి. నాలుగోదాన్ని మిడత ఆయన కళ్లముందే కొరుకుతోంది. కొడవలి పక్కన పడేసి చేలోకి పోయి, కదిలిన ప్రతి గులకరాయినీ చెప్పుతో బాదాడు. చంపుతున్నంతసేపూ మిడతల్ని కాదు, నన్ను తిట్టాడు. తిట్టనీ. ఆ తర్వాత చెయ్యి పట్టి అత్త ఇంటికి లాక్కుపోయాను.

"మేకలు కాదంట. మిడతలంట" అన్నాడు బయటే నిలబడి.

"నేను మొత్తుకుంటే వినకుంటివి. పురుగు చెప్తే వింటివా?" అత్త లోపలికి పోయి, ఆ పాలమేక కన్న పిల్లను తెచ్చి ఆయన చేతుల్లో కుదేసింది. "తల్లిని తీసినావు గదా. పాలు నువ్వే పట్టు, పో."

వీధంతా చూస్తోంది. పిల్ల అరుస్తూ తన్నింది. గిట్ట తగిలి కట్టు ఊడి మళ్లీ రక్తం కారింది. నాయన దించలేదు.

"యాడ పట్టుకోవల్లమ్మా దీన్ని?"

కడుపు కింద చెయ్యి పెట్టమన్నాను. నేను మాత్రం ఎప్పుడు మేకను ఎత్తుకున్నాను గనక!