పది రాని బస్సు

ఆ రోజుల్లో నాకు మనుషుల పేర్ల కంటే బండ్ల నంబర్లే బాగా గుర్తుండేవి. డిగ్రీలో లెక్కలు చదివి, ఎమ్మిగనూరులో ఇంటిపట్టున కూర్చుని, ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న కాలం. పని లేనివాడికి ఏదో ఒక పిచ్చి ఉండాలి కదా, నాది పది పిచ్చి. బండి నంబరులో చివరి నాలుగు అంకెలనూ ఎటైనా మార్చి, కూడి, తీసి, గుణించి, భాగించి, ఒక్కోదాన్ని ఒక్కసారే వాడి పది తెప్పించాలి. 3612 ఎదురొచ్చిందనుకోండి, ఆరూ మూడూ రెండూ కూడి ఒకటి తీసేస్తే పది. మంచి బండి. పది రానిది చెడ్డ బండి. మొదట్లో ఇది బస్టాండులో పొద్దుపోవడానికి ఆడుకున్న ఆటే. పోను పోను, మంచి పని మీద వెళ్లేటప్పుడు పది రాని బండి ఎక్కకూడదని నాకు నేనే ఒక శాస్త్రం రాసుకున్నాను. (ఎవరికీ చెప్పలేదు. లెక్కలు చదివినవాడికి పరువు ఉంటుంది కదా.)

అలాంటి రోజుల్లో ఆదోనిలోని ఒక ప్రైవేటు స్కూలు వాళ్లు, సోమవారం పదిన్నరకు వచ్చి పిల్లలకు ఒక పాఠం చెప్పి చూపించమని పిలిచారు. ఉన్నది ఒక్క లెక్కల సారు ఉద్యోగం. చదువు అయ్యాక నన్ను ఎవరైనా పిలవడం అదే మొదటిసారి. ఖాళీగా ఉన్నందుకు అమ్మ ఏనాడూ ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ బాధగా ఉండేది. ఆ ఉద్యోగం ఎలాగైనా రావాలి. ఆ పొద్దున ఉగ్గాని తింటూ ఉంటే అమ్మ మెల్లగా, "తొమ్మిది దాంక రాహుకాలముండాది. అది పోయినాంక పోదువులే నాయనా" అంది. ఇంకేం, అందుకున్నాను. గ్రహాలకూ నా ప్రయాణానికీ ఏం సంబంధమని అడిగాను. మూఢనమ్మకాల వల్లే దేశం ఇట్లా ఉందన్నాను. పాపం ఆమె నా పళ్లెంలో ఇంకో బజ్జీ వేసింది.

ఎనిమిది దాటగానే ఆదోని బస్సు వచ్చి ఆగింది. నంబరు 1199. తొమ్మిదీ ఒకటీ పది, బాగానే ఉంది. మిగిలిన తొమ్మిదీ ఒకటీ ఎక్కడ దాచాలి? బస్సు వెనక నిలబడి వేళ్లు మడుస్తూ, పెదాలు కదుపుతూ ఉంటే కండక్టరు తల బయట పెట్టి, "ఎక్కుతావా లేదా అప్పా? ఆడేం సూస్తాండావు?" అన్నాడు. మీరు పోండి, వెనక బస్సుకు వస్తానన్నాను. వెనక బస్సు 4123. ఊరికే కూడితే చాలు, పది! దర్జాగా ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. అటూ ఇటూ పత్తి చేలు తప్ప ఇంకేమీ లేని చోట ఆ మంచి బండి పెద్దగా దగ్గి ఆగిపోయింది. చివరికి పత్తి లారీ ఎక్కి ఆదోని చేరాను. (దాని నంబరు చూడలేదు. చూసే మొహం లేదు.)

స్కూలుకు వెళ్లేసరికి ఎనిమిదో తరగతిలో ఎవరో అమ్మాయి పాఠం ముగించి వెనక బెంచీలో కూర్చుని ఉంది. ఉద్యోగానికి మేమిద్దరమే వచ్చామట. అన్నీ చూసుకునే పెద్దసారు నా జుట్టుకు అంటుకున్న పత్తిని ఎగాదిగా చూసి, "యేం బాబూ, మార్కెట్ యార్డుకు పోయి వచ్చినావా?" అన్నాడు. పిల్లలు నవ్వారు. ఎందుకు ఆలస్యమైందని అడిగితే, భయంలో నాకు అబద్ధం తట్టదు, ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన నవ్వకుండా సుద్దముక్క చేతికిచ్చి, ఆ లెక్కే పిల్లలకు చెప్పమన్నాడు.

నేను 1, 1, 9, 9 అని రాసి, కొన్ని సంఖ్యలు ఏం చేసినా పదికి చేరవని గంభీరంగా మొదలుపెట్టాను. బోర్డు నిండా కూడికలు, తీసివేతలు చేసి, రాదని తేల్చేశాను. అప్పుడు వెనక బెంచీలోని అమ్మాయి చెయ్యెత్తింది.

"ఒకటిని తొమ్మిదితో భాగించి సూడండి సార్."

తొమ్మిదో వంతు. దానికి ఒకటి కూడి, మొత్తాన్ని రెండో తొమ్మిదితో గుణిస్తే పది. భిన్నాలు నేను చదవలేదా, చదివాను. బండి నంబరులో భిన్నం ఉంటుందని అనుకోలేదు, అంతే. పిల్లలు ఆమె వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, ఇంకేం చేయను.

ఉద్యోగం ఆమెకే వచ్చింది. గేటు దగ్గర ఉండబట్టలేక, అంత తొందరగా ఎలా తట్టిందని అడిగాను.

"తొందరగా యాడిది సార్. ఈ పిచ్చి నాకూ ఉండాది. నేనూ ఎమ్మిగనూరు నుంచి ఆ బస్సుకే వచ్చినా. ఎక్కేటప్పుడు నాకూ రాలేదు, కూసున్యాక దావలో వచ్చింది" అని, లోపలికి వెళ్తూ, "సీట్లు ఖాళీగానే ఉండె" అంది.

ఇంటికొచ్చి జరిగింది చెబితే అమ్మ అంతా విని, "నాది రాహుకాలమైతే, నీది యేమి కాలమప్పా?" అని మాత్రం అడిగి అన్నం వడ్డించింది.

ఆ తర్వాత మా ఊళ్లోనే ఒక బడిలో కుదురుకున్నాను. బోర్డు మీద ఏటా 1199 రాసి, రాదని చెప్పకుండా వెనక బెంచీ వైపు చూస్తూ నిలబడతాను. బండ్ల నంబర్లు చూసే పిచ్చి ఇప్పటికీ పోలేదు, కాకపోతే ఇప్పుడు ముందు ఎక్కి కూర్చుంటాను. ఎప్పుడైనా మా బస్టాండుకు వెళ్తే, బస్సు వెనక వేళ్లు మడుస్తూ నిలబడ్డ ఆ పిచ్చివాడు గుర్తొస్తాడు. వాడి మీద కోపం రాదు. భుజం మీద చెయ్యి వేసి, ఎక్కప్పా, లెక్క దారిలో చూసుకుందువులే అని చెప్పాలనిపిస్తుంది.