ఇరవై రెండక్షరాల తాళం

మా మోటారు వైండింగ్ షాపులో కాలిపోయిన మోటార్లన్నిటి మీదా ఒట్టేసి చెప్తున్నా, ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. జగ్గయ్యపేటలో నా మాట నమ్మనివాళ్ళు కొందరుంటారు, పట్టించుకోకండి. నా తెలివి వల్ల మా అమ్మాయి ఇంజనీరింగ్ సీటు కృష్ణలో కలవబోయిన రోజు కథ ఇది.

నాలుగేళ్ళ కిందట మా శ్రావణి, కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌కి తన పేరూ పుట్టిన సంవత్సరమూ కలిపి పాస్‌వర్డ్‌ పెట్టుకుంది. నా గుండె ఆగినంత పనైంది.

"అమ్మాయ్, తలుపు తీసిపెట్టి, గుమ్మంలో కుర్చీ వేసి దొంగని కూర్చోమన్నట్టుంది."

"గుర్తుంటుంది కదా నాన్నా."

"గుర్తుండేది కూడా ఒక పాస్‌వర్డేనా?"

ఆ సాయంత్రం నేనే మార్చేసా. ఇరవై రెండక్షరాలు. పెద్దవి, చిన్నవి, అంకెలు, కీబోర్డు పుట్టిన దగ్గర్నుంచీ ఎవరూ ముట్టుకోని గుర్తులు. మర్చిపోతే అడిగే రహస్య ప్రశ్న కూడా ఎంచా: మీరు చదివిన మొదటి బడి ఏది? జవాబు కూడా నా చదువులోంచే రాసా. తర్వాత పాస్‌వర్డ్ రాసుకున్న కాగితాన్ని గూఢచారిలా స్టవ్వు మీద కాల్చేసా. రక్షణ శాఖవాళ్ళు చూసుంటే అక్కడికక్కడే ఉద్యోగం ఇచ్చేవాళ్ళు.

కాలేజీలు ఎంచుకోడానికి ఆఖరి రోజొచ్చింది. నందిగామలో మా ఆవిడ తమ్ముడు సాంబశివరావుకి నెట్ సెంటర్ ఉంది. శ్రావణిని తీసుకుని అక్కడికెళ్ళి కూర్చునేసరికి నాలుగూ ఇరవై. ఐదింటికి సైట్ మూసేస్తారు.

"పాస్‌వర్డ్ చెప్పండి బావా."

నోరు తెరిచా. మూడక్షరాలు వచ్చాయి. మిగతా పంతొమ్మిదీ స్టవ్వు మీదే ఉండిపోయాయి.

"మర్చిపోయారా?"

"దొంగలకి దొరక్కుండా దాచానయ్యా."

"బాగానే దాచారు. మనకీ దొరకట్లేదు."

ఇక రహస్య ప్రశ్నే దిక్కు. జవాబు మూడుసార్లు తప్పితే మర్నాటిదాకా లాక్. ఏ బడి పేరు రాసానో నా బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోయింది.

"ఊటీ కాన్వెంటే కదా, అక్క పెళ్ళిచూపుల్లో చెప్పారు" అంటూ సాంబ కొట్టేసాడు. సైట్ నత్తలా ఆలోచించి, తప్పంది.

"అయితే కొడైకెనాల్ కొట్టు" అన్నా ధీమాగా. అదీ తప్పే.

ఇంకొక్క అవకాశం. శ్రావణి కాలేజీల జాబితా మడిచి పక్కన పెట్టింది. ఐదుకి పావుగంటే ఉంది. జిరాక్స్‌కి వచ్చినవాళ్ళు కూడా పని మానుకుని మమ్మల్నే చూస్తున్నారు.

"నాన్నా, నువ్వు నిజంగా ఎక్కడ చదివావు?" అంది నెమ్మదిగా.

గొంతు సవరించుకున్నా. "చెవిటికల్లు ఎలిమెంటరీ స్కూలు."

తెరుచుకుంది. పిల్ల గబగబా ఆప్షన్లన్నీ పెట్టేసింది. అప్పుడు సాంబ కుర్చీ నావైపు తిప్పాడు.

"ఊటీకి చెవిటికల్లు మీదుగా వెళ్ళారా బావా?"

"అదేనయ్యా నా ఎత్తు. నేను నిజం రాస్తానని ఏ దొంగైనా కలగంటాడా?"

ఆ రోజే శపథం పట్టా. గుర్తుండని తాళం వెయ్యను, తాళంచెవి కాల్చను, కూతురి పాస్‌వర్డ్ వైపు కన్నెత్తి చూడను. ఇప్పుడు నా పాస్‌వర్డ్ నాలుగు మామూలు మాటలు, కాగితం బీరువాలో భద్రం.

ఒట్టేసా కాబట్టి ఒకటి ఒప్పుకోవాలి. బడి పేరు మర్చిపోయానన్నది కల్పన. అది నాకు మొదట్నుంచీ గుర్తుంది. ఇరవై ఏళ్ళుగా అత్తారింట్లో నిలబెట్టుకొచ్చిన ఊటీని బామ్మర్ది ముందు వదులుకోడానికే ఆ అరగంట పట్టింది.