సంగటి చేతికి గట్టు దించిన మా బావ

ఇల్లు బాగుచేసేవాడు ఒళ్ళు కూడా బాగుచేసుకోగలడని నమ్మిన మూర్ఖుణ్ణి నేను. ఆ మూర్ఖత్వానికి శిక్ష నాకు పడలేదు. మా అక్కకు పడింది. ఉరవకొండలో ఇనుప సామాన్ల అంగడి ఆంజనేయులు శెట్టి, మా పెద్దక్క భర్త, నాకు బావ, పోయిన నెలలో ఒక మధ్యాహ్నం అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోతుండగా దారిలోనే పరమపదించాడు. 'ఈ దుర్వార్త విని దిగ్భ్రాంతి చెందాను' అని రాయాలి ఇలాంటి చోట. నేను వార్త వినలేదు. ఆ సమయానికి ఆయన తల నా తొడ మీదే ఉంది.

నేను కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఊళ్ళో ఎవరు కాలధర్మం చెందినా సంతాప తీర్మానానికి మాటలు నా దగ్గర నుంచే తీసుకుపోతారు. 'తీరని లోటు', 'పూడ్చలేని వెలితి', ఎన్ని పేర్లకు తగిలించానో లెక్కలేదు. ఒక సంతాప సభలో బావ వెనక వరసలో కూర్చుని అంతా విన్నాడు. బయటికొచ్చాక నా భుజమ్మీద చెయ్యేసి, "ఏం బామ్మర్దీ, పోయినోళ్ళందరిదీ ఒకే సైజు లోటేనా? ఒకే బోల్టు అందరికీ యాడ పడ్తాదప్పా?" అన్నాడు. అప్పుడు నవ్వాను. ఇప్పుడు ఆయనకు పట్టే మాట కోసం నా డబ్బా అంతా బోర్లించి వెదుకుతున్నాను. ఒక్కటీ పట్టడం లేదు.

నేను సంధులు విడదీసి బతికాను. ఆయన సందులు పూడ్చి బతికాడు. సింకుకూ బండకూ మధ్య నీళ్ళు ఇంకే సందు, కిటికీ చట్రానికీ గోడకూ మధ్య దుమ్ము దూరే సందు, తలుపుకూ గడపకూ మధ్య తేళ్ళు దూరే సందు, ఏ ఇంటికి పోయినా ముందు ఆయన కళ్ళు వాటి మీదే పడేవి. కాఫీ ఆ తర్వాతే.

పేరుకు వ్యాపారి. అంగట్లో కూర్చునేవాడే గానీ అమ్మేవాడు కాదు.

"కొత్త కొళాయి ఒకటియ్యి శెట్టన్నా, ఉన్నది కారతాండాది."

"యాడ కారతాండాది? తిప్పే కాడనా, మూతి కాడనా?"

"మూతి కాడ."

"అట్లయితే కొళాయికి ఏం రోగం ల్యా. లోపల వాషరు అరిగింటాది. ఇదో, ఇది ఏసుకో. ఇప్పే ముందు పైన వాల్వు కట్టెయ్యి. లేకుంటే అదే నీకు తానం చేపిస్తాది."

తిప్పేచోట కారితే మర విప్పి, లోపల నూలుదారం చుట్టి బిగించమనేవాడు. మా బోరు నీళ్ళ ఉప్పుకు కొళాయి మూతులు తెల్లగా గట్టిపడి పూడుకుపోతాయి. నిమ్మరసంలో తడిపిన గుడ్డ మూతికి చుట్టి కొన్ని గంటలు వదిలి, పాత పళ్ళ బ్రష్షుతో రుద్దితే చాలని ఆయన ఉపదేశం. దానికి ఒక నిషేధం కూడా ఉండేది: "కింద మన తాడిపత్రి బండ ఉంటే నిమ్మరసం సుక్క పడనీయొద్దు. బండ నునుపంతా తినేస్తాది." ఇంత విద్యను ఇలా అరుగు మీద ఉచితంగా పంచిపెట్టే వర్తకుడు వర్తకలోకంలో ఎలా వర్ధిల్లాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నిజానికి వర్ధిల్లలేదు.

నా చేతి పనితనం గురించి రెండు మాటలు చెప్పక తప్పదు. జీవితంలో నేను నిలబెట్టిన ఏకైక పోపుడబ్బాల అర ఒక్క పూట నిలబడింది. తర్వాత సపరివారంగా నిమ్మకాయ ఊరగాయ జాడీ మీద అవతరించింది. బావ వచ్చి చూశాడు. నవ్వలేదు. వేలు మడిచి గోడను అక్కడక్కడ తట్టాడు. "ఇను. ఈడ డొల్లగా పలుకుతాండాదా? ఆడ గట్టిగా పలుకుతాండాదా? గోడ చెప్తానే ఉంటాది, మనమే ఇనం. పద్యంలో యతి తప్పితే నీ చెవికి తెలుస్తాది గదా, ఇదీ అంతేప్పా." ఆ పూట ఆయన బిగించిన అర ఈ పూటకూ కదల్లేదు. దాన్ని చూడకుండా వంటింట్లోకి పోవడం ఎలాగో నేనింకా నేర్చుకోలేదు.

అయితే ఆయన అసలు విద్య వంటగట్టు ఎత్తు. దాన్ని ఆయన ఏ గురువు దగ్గరా నేర్వలేదు. మా అక్క భుజం దగ్గర నేర్చుకున్నాడు. కొత్తగా ఇల్లు కట్టుకున్నప్పుడు ఏదో పట్నం వంటింటి ఫోటో చూసి ముచ్చటపడి, అంతే ఎత్తున, ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకే మట్టంగా వంటగట్టు తానే కట్టాడు. ఊరంతా వచ్చి చూసింది. మా ఇళ్ళల్లో పొద్దున సంగటి ఉండాలి. సంగటి కెలకడమంటే గరిటె తిప్పడం కాదు. ఉడికిన బియ్యంలో రాగిపిండి పడ్డాక రెండు చేతులా కట్టె పట్టి, ఒంటి బరువంతా కిందికి దించి కెలకాలి. పొయ్యి ఎత్తున ఉంటే ఆ బరువు దిగదు. భారమంతా భుజం మోస్తుంది. అక్క నోరు తెరిచి చెప్పలేదు. మొగుడు ముచ్చటపడి కట్టిన గట్టు కదా. ఒకనాడు బావ అంగడి నుంచి వచ్చేసరికి పక్కింటావిడ మా అక్కకు జడ వేస్తోంది. చెయ్యి పైకి లేవక అక్క కొన్నాళ్ళుగా అలాగే వేయించుకుంటోందట. బావ సమ్మెట తెచ్చి, తాను కట్టిన గట్టును తానే పగలగొట్టాడు. పొయ్యి ఉండేచోటు కిందికి దించాడు, కూరగాయలు తరిగేచోటు ఎత్తునే ఉంచాడు. దుమ్ములో నిలబడి నాతో అన్న మాట ఇది: "ఫోటో చూసి కట్టినా బామ్మర్దీ. ఫోటోలో సంగటి ల్యా."

గట్టు దిగింది గానీ అక్క భుజం మళ్ళీ మునుపటిలా కాలేదు. ఆ పశ్చాత్తాపమే ఆయన్ను ఊరిమీదికి తోలింది. ఎవరు ఇల్లు కడుతున్నా పిలవకుండానే పోయేవాడు. బండలు పరిచే మేస్త్రీ విసుక్కునేవాడు:

"గట్టుకు మధ్యలో మెట్టేంది శెట్టన్నా? సూసేదానికి బాగుండదు."

"సూసేటోళ్ళు సంగటి కెలకరప్పా. కెలికేటోళ్ళను పిలువు."

ఆ ఇంటి ఇల్లాలు వచ్చేది. ఇటుకలు పేర్చి, వాటి మీద పొయ్యి, పొయ్యి మీద ఖాళీ కుండ పెట్టి, ఆమె చేతికి కట్టె ఇచ్చి కెలికినట్టు చేయమనేవాడు. ఒక వరస ఇటుకలు తీసి మళ్ళీ చేయమనేవాడు. "ఇప్పుడు సులువుగా ఉందన్నా" అని ఆమె అన్నచోట గోడ మీద బొగ్గుతో గీత గీసేవాడు. ఆ ఇల్లంతటిలో ఆమెను అడిగి పెట్టిన కొలత బహుశా అదొక్కటే.

ఇన్ని ఇళ్ళకు పిలవకుండా పోయిన మనిషి తన ఇంటికి మాత్రం ఎవరినీ పిలిచేవాడు కాదు. "మనింటి పనికి మంది ఎందుకు?" ఇది ఆయన అభిమానం. దీన్ని స్వావలంబన అని సంస్కృతీకరించి పొగిడినవాణ్ణి నేనే.

ఆ పొద్దున అక్క ఫోను చేస్తే పోయాను. బావ సింకు కింది పైపు మారుస్తూ మధ్యలో ఆపి, గట్టుకు ఆనుకుని నేలమీద కూర్చున్నాడు. కుడి చేత్తో ఎడమ భుజం పట్టుకున్నాడు. చొక్కా పిండితే నీళ్ళు కారేట్టుంది.

"ఏం ల్యేదు బామ్మర్దీ. మీ అక్క భుజం నాకొచ్చింది. నిన్న గోడకు డ్రిల్లు పట్టినా, దాని నొప్పి."

"ఆటో పిల్చుకురా పోరా," అంది అక్క. "భుజం నొప్పి నాకు తెల్దా? దానికి ఇట్ల సెమట పోయదు."

"ఆటో వద్దు ఏమొద్దు. వాము నీళ్ళియ్యి, సర్దుకుంటాది."

అక్క నా ముఖంలోకి చూసింది. ఆ నొప్పితో ఏళ్ళ తరబడి కాపురం చేసిన మనిషి చెబుతోంది. నేను ఆమె మాట వినలేదు. "బావకు తెల్దా అక్కా" అన్నాను. నా జీవితంలో ఎన్నో మాటలు వాడాను. ప్రాణం తీసిన మాట అదొక్కటే.

వాము నీళ్ళు తాగాడు. పడుకున్నాడు. పెదాలు నల్లబడ్డాక కారు కోసం పరుగెత్తాను. దారికి అటూ ఇటూ వాన ముఖం చూడని చెనక్కాయ చేలు. ఊరు దాటిన కాసేపటికి ఆయన ఊపిరి ఆగింది. ఆసుపత్రిలో డాక్టరు స్టెతస్కోపు తీస్తూ, "ఇంకొంచెం ముందు పిల్చుకొచ్చింటే..." అని ఆపేశాడు. ఆ వాక్యాన్ని నేను రోజూ పూర్తి చేసుకుంటున్నాను.

పరామర్శకు ఆడవాళ్ళు గుంపులుగా వచ్చారు. ఎవరూ పెద్ద మాటలు చెప్పలేదు. ఒకామె అక్క పక్కన కూర్చుని, "పొద్దున సంగటి ముందర నిలబడితే అన్న గుర్తొచ్చి చెయ్యి ఆడల్యా వదినా," అంది. అంతకు మించిన నివాళి రాయడం నాకు చేతకాదు. ఇప్పుడు కొత్త ఇళ్ళల్లో వంటిళ్ళు బెంగుళూరు నుంచి పెట్టెల్లో వచ్చి ఒక్క పూటలో బిగుసుకుంటున్నాయి, అందరికీ ఒకే ఎత్తున. ఇటుకలు పేర్చి 'ఇప్పుడు సులువుగా ఉందా తల్లీ' అని అడిగే మనిషి ఈ మెట్టప్రాంతంలో మరొకడు ఉన్నాడేమో నాకు తెలియదు. ఉంటాడన్న ఆశ కూడా లేదు. మా అక్క సంగటి చేయడం మానేసింది. "ఒక్కదానికి ఏం కెలుకుదురా" అంటుంది.

సింకు కింది పైపు అలాగే విప్పి ఉంది. కింద బకెట్ పెట్టి, నిండినప్పుడల్లా అక్క మోసి పారబోస్తోంది, ఆ భుజంతోనే. "మీ బావ మొదలుపెట్టిన పని. ఎవురూ ముట్టద్దు," అంది. దినాలు అయ్యేదాకా ఊరుకున్నాను. ఆ తర్వాత బావ మీద పగ తీర్చుకున్నాను. బస్టాండు పక్కనుండే ప్లంబరును ఆ ఇంటికి పిలుచుకొచ్చాను. కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, మర్యాదలన్నీ చేశాను. నడింట్లో గోడకున్న బావ ఫోటో చూసి అతను గుమ్మంలోనే ఆగాడు.

"శెట్టన్న ఇంట్లో నేను పని చేసేదేంది సార్? ఆయప్ప ఒప్పుకుంటాడా?"

"మీ బావ ఉండింటే నిన్ను ఎన్ని తిట్లు తిట్టేటోడో," అంది అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"తిట్టమనక్కా," అన్నాను. "లేసొచ్చి తిట్టమను."

ప్లంబరు పైపు బిగించి కొళాయి తిప్పాడు. నీళ్ళు చప్పుడు చేస్తూ కిందికి పోయాయి. ముగ్గురం అక్కడే నిలబడి చాలాసేపు విన్నాం.