యాక్సిలరేటర్ గదిలోంచి వచ్చిన నా గొంతు

దెయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. ఫిజిక్స్ చదివాను, అదే పాఠం చెప్పాను. మా అత్తగారు గుమ్మానికి నిమ్మకాయలు కడితే, పులిహోరకైనా పనికొచ్చేవి కదా అని వేళాకోళం చేసేదాన్ని. ఇప్పుడు చేయను.

అప్పట్లో నేను పనిచేసిన పరిశోధన కేంద్రం రాజమండ్రి నుంచి ధవళేశ్వరం వెళ్ళే దారిలో ఉండేది. అక్కడ ఒక చిన్న యాక్సిలరేటర్ ఉంది. దాంతో ప్రోటాన్లను వేగంగా తోసి పల్చటి బోరాన్ పూత మీద కొట్టిస్తాం. ఎక్కడో ఒక ప్రోటాన్ బోరాన్ కేంద్రకంతో కలిసి, మూడు ఆల్ఫా కణాలుగా విడిపోతుంది. డిటెక్టర్ వాటిని లెక్కపెడుతుంది. ప్రోటాన్ల శక్తి తగ్గించేకొద్దీ ఈ కలయికలు మరీ అరుదైపోతాయి. గంటల తరబడి కూర్చుంటే ఒకటో రెండో కనిపిస్తాయి. వాటిని కొలవడమే మా పని.

నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న లావణ్యది తణుకు దగ్గర రైతు కుటుంబం. నా క్యారేజీలోంచి అడక్కుండా కూర తీసుకునేంత చనువు మాది. తన థీసిస్‌కి ఇంక ఒక్క కొలతే మిగిలింది, అన్నిటికంటే తక్కువ శక్తి దగ్గరది.

అది ఆగస్టు నెల. గోదావరి ఎర్రగా పొంగి ఉంది. ఉదయం పదకొండు గంటలు. మా టెక్నీషియన్ వీర్రాజు గారు సెలవు పెట్టి సామర్లకోట వెళ్ళారు. అందుకని పనులన్నీ మేమిద్దరమే చూసుకున్నాం.

యంత్రం గదిలో రెండు లక్షల వోల్టులు ఉంటాయి. స్విచ్ వేసే ముందు ఒకరు గదంతా తిరిగి చూసి, బయటికొచ్చి తాళం వేసి, ఆ తాళంచెవి తెచ్చి కంట్రోల్ రూమ్‌లో బల్లకున్న తాళంలో పెట్టాలి. అది పెడితేనే వోల్టేజీ ఎక్కుతుంది. ఆ రోజు గది చూసిందీ నేనే, తాళం వేసిందీ నేనే. లోపల పిల్లి కూడా లేదు.

తాళంచెవి పెట్టి కూర్చున్నాను. లావణ్య నా పక్క కుర్చీలో ఉంది. స్విచ్ మీద తను చెయ్యి వేసేసరికి గోడనున్న స్పీకర్ గరగరలాడింది. లోపల ఎవరైనా చిక్కుకుంటే బటన్ నొక్కి మాట్లాడ్డానికి పెట్టింది అది.

“లావణ్యా, వోల్టేజీ వెయ్యకమ్మా. నేను లోపలున్నాను.”

ఆ గొంతు నాది.

పోలిక కాదు. ‘వెయ్యకమ్మా’ అని సాగదీయడం కూడా నాదే. లావణ్య చెయ్యి వెనక్కి తీసుకుని నా పెదాల వంక చూసింది. నేను నోరు తెరవలేదు.

గది నేనే చూసి వచ్చాను. అయినా లోపల నిజంగా ఎవరైనా ఉంటే ప్రాణం పోతుంది. తాళంచెవి తీసుకుని వరండా చివరికి వెళ్ళి తలుపు తీశాను. యంత్రం చుట్టూ రెండుసార్లు తిరిగాను. ఎవరూ లేరు. తిరిగొచ్చేసరికి లావణ్య కంట్రోల్ రూమ్ గుమ్మంలో నిలబడి ఉంది. నేను దగ్గరికెళ్తే రెండడుగులు వెనక్కి వేసింది. భయపడిందనుకున్నాను.

మర్నాడు వీర్రాజు గారు వైర్లన్నీ విప్పి చూశారు. “బాగానే ఉందండి. లోపల బటన్ నొక్కితేనే మాటొస్తుందండి, దానంతటది పలకదు” అన్నారు.

డిటెక్టర్ ఫైలు నేనే తెరిచాను. ఆ డిటెక్టర్ వెలుతురు తగిలితే పిచ్చెక్కినట్టు లెక్కపెడుతుంది. అందుకే చీకటి పెట్టెలో, గాలి తీసేసి ఉంచుతాం. నేను గదిలో ఉన్న ఆ రెండు మూడు నిమిషాలూ, పెట్టె మూత ఎవరో తెరిచి పట్టుకున్నట్టు లెక్క ఎగబాకింది. కానీ పెట్టెలోకి గాలి దూరితే చూపించే వాక్యూమ్ మీటరు ముల్లు కొంచెం కూడా కదల్లేదు. మూత తెరిస్తే గాలి దూరకుండా ఉండదు.

ఆ తర్వాత లావణ్య నాతో ఒక్కతే గదిలో కూర్చోలేదు. క్యారేజీ విడిగా తెచ్చుకుంది. నెల తిరక్కుండా గైడుని మార్చమని అర్జీ పెట్టింది. ఆ చివరి కొలత లేకుండానే థీసిస్ ఇచ్చింది. నాకు చాలా కష్టం వేసింది. ఏం తప్పు చేశానో అర్థం కాలేదు.

దాదాపు రెండేళ్ళకి పెళ్ళి శుభలేఖ ఇవ్వడానికి మా ఇంటికి వచ్చింది. కాబోయే భర్తని హాల్లోనే ఉండమని, నాతో గుమ్మం దగ్గర నిలబడి చెప్పింది. నేను తాళంచెవి పట్టుకుని వెళ్ళాక స్పీకర్ ఇంకోసారి నా గొంతుతోనే పలికిందట.

“ఏమందే?” అన్నాను.

“‘ఇప్పుడు తలుపు తీస్తున్నది నేను కాదమ్మా, తనని లోపలికి రానివ్వకు’ అన్నారండి.” కాసేపు ఏడ్చింది. “నేను ఆపలేదు మేడమ్. లోపల ఏం జరిగిందండీ?”

ఏమీ జరగలేదన్నాను. నాకు గుర్తున్నంతవరకు అదే నిజం. గదంతా తిరిగాను, ఎవరూ కనిపించలేదు, బయటికొచ్చి తాళం వేశాను.

లావణ్య తలాడించింది. నమ్మిందో లేదో తెలియదు. వెళ్ళేటప్పుడు నా కాళ్ళకి దణ్ణం పెట్టబోయి, చెయ్యి తగలకుండానే ఆగిపోయింది.

ఇదంతా ఏమిటో నేను చెప్పలేను. ఆ రోజు తాళం వేసేటప్పుడు లోపల నన్నే వదిలేసి వచ్చానా అన్న ప్రశ్నకి మాత్రం, లేదు అని గట్టిగా అనలేకపోతున్నాను.