నా తల వెనక ఖాళీ

మా అక్క పోయిందని చెప్పినప్పుడు ఆర్మూర్‌లో నలుగురైదుగురు నన్ను ఓదార్చారు. తప్పు వాళ్లది కాదు. "మీ అక్క కనవడ్తలేదేంది?" అని అడిగితే "పోయింది" అని ఊరుకునేదాన్ని. "అయ్యో, ఎప్పుడు?" అని వాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాక "మొన్న ఐతారం, మోర్తాడ్‌కు" అనేదాన్ని. అక్క అల్లుడు దుబాయికి పోయాడు. కూతురు ఇద్దరు చిన్న ఆడపిల్లలతో ఒక్కతే అయింది. అందుకని అక్క అక్కడికి పోయింది. సంగతి అంతే. కానీ ఓదార్పు ఉత్తగా దొరుకుతుంటే ఎందుకు వదులుకోవాలని, కొందరికి మోర్తాడ్ మాట కాస్త ఆలస్యంగా చెప్పిన పాపం నాకుంది.

నేను బట్టలు కుడతాను. పసుపు యార్డుకు పోయే దారిలో ఒక గది. ముందు సగం కుట్టుమిషన్, వెనక సగం సంసారం. బావ పోయాక (ఆయన నిజంగానే పోయాడు) అక్క నా దగ్గరికి వచ్చి పదకొండేళ్లు ఉంది. నాకు పెళ్లి కాలేదు. జట్టు కట్టే మనిషి దొరకలేదు గానీ జుట్టు మాత్రం మోకాళ్ల దాకా దొరికింది. దాని పెంపకమంతా అక్కదే. శనివారం సాయంత్రం నూనె గోరువెచ్చగా చేసి తను మంచం మీద కూర్చునేది, నన్ను కింద కూర్చోబెట్టుకునేది.

"మెడ వంచు. ఇంకా వంచు. పెండ్లిపిల్లవా ఏంది, గంత సిగ్గువడ్తున్నవ్?"

"నువ్వు గుంజుతున్నవక్కా, సిగ్గు గాదు నొప్పి."

"నొప్పైతెనే నెత్తి ఉన్నట్టు తెలుస్తది. లేకుంటె నీకు యాదికుంటదా?"

అక్క పోయాక నా తల నేనే చూసుకోవాల్సి వచ్చింది. పరీక్షకు చదివినట్టు ఫోన్లో వీడియోలు చూశాను. ప్లాస్టిక్ దువ్వెన పారేసి చెక్క దువ్వెన కొన్నాను. తడి జుట్టు దువ్వడం మానేశాను. నూనె అరచేత్తో తట్టకుండా వేలికొసలతో కుదుళ్లకు రాశాను. మిగిలిపోయిన సిల్కు బ్లౌజు ముక్కలు కలిపి దిండుకు గలీబు కుట్టాను. పడుకుంటే ఎవరిదో పెళ్లిలో తల పెట్టినట్టుండేది. చివర్లు నెలకొకసారి కత్తిరించాను, కత్తెరకు కొరత లేదు కదా. ఇవన్నీ అద్దం ముందు నిలబడి చేశాను. అంటే అద్దంలో ఎంత తల కనబడిందో అంతకే చేశాను.

పసుపు బండ్లు వరసగా వస్తున్న రోజుల్లో వేల్పూర్ నుంచి ఒకామె బ్లౌజు కొలతలకు వచ్చింది. వాళ్లది పసుపు పండించే ఇల్లు. గోళ్లు చూస్తేనే తెలుస్తుంది. కింద పడ్డ గుండుసూది కోసం నేను వంగాను. ముడి జారి మెడ మీద పడింది.

"అక్కా, గట్లనే ఉండు. నీ నెత్తెనుక గిదేంది? పేను కొరికింది గదా!"

టేపు కొసతో చూపించింది. నేను చెయ్యి పెట్టి చూశాను. రూపాయి బిళ్లంత చోటు, ఒక్క వెంట్రుక లేకుండా పసిపిల్ల బుగ్గలా నున్నగా ఉంది. నూనె ముందు రాసి వెనక్కి దువ్వేసేదాన్ని కాబట్టి నా వేళ్లు ఎప్పుడూ అంత దూరం పోలేదు.

"నాకు పేన్లు లేవమ్మా," అన్నాను. పేనుకొరుకుడనే పేరు పెట్టినవాళ్లకు ముందు జవాబు చెప్పుకోవాలి కదా.

"ఉన్నయని ఎవలన్నరు? పేరే గట్ల. ఇంట్ల ఎవ్వలు చెప్పలేదా నీకు?"

ఇంట్లో చెప్పేవాళ్లు లేకనే కదా అది అంత పెరిగింది. అందరి వెనక మెడ ఎంత లోతో, ఎంత వెడల్పో అంగుళాల్లో చెప్పగలిగిన మనిషిని. నా వెనక ఏముందో వేల్పూర్ నుంచి వచ్చి చెప్పాల్సి వచ్చింది.

"ఫికర్ జెయ్యకు. గురిగింజ అరగదీసి రుద్దు. మా చిన్నబిడ్డకు గట్లనే మానింది," అందామె.

గురివింద గింజకు తన కింది నలుపు తెలియదని సామెత. ఆ గింజనే నా తల వెనక రుద్దుకోమంటోంది. దానికీ నాకూ ఒక్కటే తేడా: దానిది ఎర్రని ఒంటికి నల్లమచ్చ, నాది నల్లని తలకు తెల్లమచ్చ. చూసుకోలేకపోవడంలో ఇద్దరం తోడికోడళ్లం.

మర్నాడు చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లాను. చిన్న వయసు అమ్మాయి. గురివింద మాట ఎత్తగానే "వద్దమ్మా, పుండు పడుతుంది" అంది. ఇది పేను వల్ల కాదని, ఒకరి నుంచి ఒకరికి అంటుకోదని, చాలామందికి మళ్లీ వెంట్రుకలు వస్తాయని చెప్పి ఒక మందు రాసింది. "రోజుకు రెండుసార్లు, సరిగ్గా ఆ చోటే పడాలి. మీకు కనబడదు కదా. ఇంట్లో రాసేవాళ్లు ఉన్నారా?"

"ఉన్నరు," అన్నాను. అంత తొందరగా అబద్ధం ఎట్లా వచ్చిందో తెలియదు.

ఒక చేతికి జుట్టు పాయలు తీసే పని, ఒక చేతికి సీసా, ఒక చేతికి దూది. నాకున్నవి రెండే. వెనకొక అద్దం, ముందొక అద్దం పెట్టుకున్నాను. అద్దంలో కుడి ఎడమవుతుంది, రెండో అద్దంలో మళ్లీ తిరగబడుతుంది. మందు మొదటిరోజు చెవిలో పడింది, రెండోరోజు జాకెట్టు మీద. వేలికి తగిలిన చోటును దూది వచ్చేసరికి జుట్టు కప్పేసేది. మందంతా వెంట్రుకలే తాగాయి, చర్మానికి చుక్క అందలేదు. వస్తే కొండ, పోతే వెంట్రుక అంటారు. నాకు కొండ రాలేదు, వెంట్రుక మాత్రం పోయింది.

వారం తర్వాత వేల్పూర్ ఆమె బ్లౌజు కోసం వచ్చింది. వేసుకుని అద్దంలో తిరిగి చూసుకుని మురిసింది. ధైర్యం చేసి సీసా ముందుకు జరిపాను.

"జర గీ మందు రాస్తవా, అమ్మా? నాకు అందుతలేదు."

ఆమె సీసా వంక చూసింది, నా తల వంక చూసింది. "అంటుకుంటదేమో అక్కా. మా బిడ్డకు మొన్ననే మానింది."

"అంటుకోదని డాక్టరమ్మ చెప్పింది."

"డాక్టర్లు గట్లనే అంటరు తియ్యి," అని నవ్వి, సంచీ సర్దుకుంది. కోపం రాలేదు. తల్లి కదా, భయం ఉంటుంది. మొదటిరోజు కూడా వేలితో కాదు, టేపు కొసతో చూపించిందని అప్పుడు గుర్తొచ్చింది.

అక్క రోజూ ఫోన్ చేసి మొదట అడిగేది ఒకటే. "నెత్తికి నూనె వెట్టుకున్నవా?"

"వెట్టుకున్న."

"నాకు వీళ్లిద్దరి జడలేసేసరికే బడి బస్సు వస్తది. చిన్నది నీ లెక్కనే, మెడ వంచది."

అక్క వేళ్లు ఇప్పుడు వేరే తలల్లో ఉన్నాయి. ఆరేళ్ల పిల్ల మీద అసూయ పడ్డాను. ఈ వయసులో అదొక్కటే కొత్తగా మొలిచింది. మచ్చ సంగతి చెబితే అక్క ఆ సాయంత్రమే బస్సెక్కుతుందని నాకు తెలుసు. పిల్లల తల్లి ఒక్కతే అవుతుంది. చెప్పలేదు. అట్లాగని ఉండనూ లేకపోయాను. ఐతారం పొద్దున సీసా సంచీలో వేసుకుని మోర్తాడ్ బస్సెక్కాను.

అక్క నన్ను చూడగానే నూనె వేడి చేసింది. నేను కింద కూర్చుని మెడ వంచాను. వేళ్లు నుదుటి నుంచి నడినెత్తికి, అక్కడి నుంచి వెనక్కి వచ్చి ఆగిపోయాయి.

ఆ చోటు చుట్టూ వేలితో తడిమింది. "ఎన్ని రోజులాయె?" అంది.

"తెల్వదక్కా."

"రోజు ఫోన్ల అడుగుతున్న గదనే!"

"నూనె సంగతే అడిగినవ్."

అక్క నా వీపు మీద ఒకటి చరిచింది. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుంది. చప్పుడుతో తెలిసింది, నాకు వెనక కనబడదు కదా. "నేను వస్త నీ ఎంబడి," అంది. "వద్దు, పిల్లలున్నరు," అన్నాను. రెండుసార్లు అంది. మూడోసారి అనలేదు.

మందు రాసింది. ఆ తర్వాత మచ్చకు ఇటూ అటూ జుట్టు పాయలు తీసి, రెండు సన్నటి జడలు అల్లి, దాని మీద వెంట్రుక పడకుండా పక్కలకు కట్టింది. పైజుట్టు వాటి మీదికి వదిలి క్లిప్పు పెట్టింది. నా చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకుపోయి వేలు ఆ నున్నటి చోట ఆనించింది. "గిదిగో. క్లిప్పు తీసి గీడ చుక్క ఎయ్యి. ఎవ్వలక్కర లేదు నీకు."

నిజమే, ఎవరూ అక్కర లేదు. ఆ సాయంత్రం నుంచి మందు సరిగ్గా పడుతోంది.

ఇవాళ శుక్రవారం, తలస్నానం చేయాల్సిన రోజు. జడలు రెండూ కొంచెం వదులయ్యాయి. వాటిని విప్పితే మళ్లీ అట్లా అల్లడం నాకు రాదు. నీళ్లు కాగాయి. వాటిని ఒంటి మీదికే పోసుకుని, తల పొడిగా ఉంచుకుని, మిషన్ దగ్గర కూర్చున్నాను.